మంచు పడేలోపు సంతకం

సంతకం ఎక్కడికీ పోదు గానీ, ముందు ఆ జాకెట్ విప్పి కుర్చీకి తగిలించు బాబూ. వీపు మీద అంత పెద్ద క్లబ్బు బొమ్మ పెట్టుకుని నువ్విలా కూర్చుంటే, ఇంటికి జప్తువాళ్ళు వచ్చినట్టుంది నాకు. కాఫీ తాగుతావుగా? పంచదార ఎంత?

నీకంటే ముందు మీ ప్రెసిడెంటు వచ్చాడు. తర్వాత వాళ్ళావిడ వచ్చింది, బటర్ టార్ట్స్ అని వీళ్ళ మిఠాయి డబ్బా పట్టుకుని. ఇద్దరూ ఉత్త చేతులతో పోయేసరికి నిన్ను వెతికి పట్టుకున్నారు. శ్రీహర్ష కూడా ఇండియన్ కదా, వెళ్ళి మాట్లాడమను అనే కదా పంపారు? నవ్వకు. అంతేనని నాకు తెలుసు. తెలుగువాడు అడిగితే తెలుగావిడ కాదనదట.

తెలుసయ్యా, తెలుసు. మంచు మీద నడిచే మీ స్నోమొబైల్ బండ్ల ట్రైల్ ఊళ్ళోంచి లేక్ దాకా పోవాలంటే మా గడ్డి పొలం దాటాల్సిందే. ఇటు చూస్తే చిత్తడి, అటు చూస్తే హైవే. పొలాలున్నవాళ్ళంతా ఏటా చలికాలం రాకముందే "మా నేల మీదుగా పోనిస్తాం" అని మీకు సంతకం పెట్టాలి. మా నేలేమో ఇద్దరి పేరు మీద ఉంది. చక్రధర్ అంకుల్ ఆల్రెడీ పెట్టేశారు కదా ఆంటీ అంటావు. పెడతారు. మా ఆయనకి ఎవరైనా పెన్ను అందిస్తే చాలు. మిగిలింది నాది. అది పడకపోతే మీ బండ్లు మా కంచె దగ్గర ఆగిపోతాయి. ఆగనీ.

నేనూ పెట్టినదాన్నే. సిటీ పక్కన మార్కమ్‌లో ఇల్లు అమ్మేసి ఇక్కడికొచ్చిన కొత్తలో నవ్వుతూ పెట్టాను. అప్పుడు సంతకానికొచ్చిన మీ క్లబ్బు ముసలాయన చెప్పాడు కూడా, ట్రైల్ మీద తిరగాలంటే అందరికీ పర్మిట్ కావాలి గానీ మీ పొలంలో మీకు అక్కర్లేదమ్మా అని. ఆ మాటకి మా ఆయన సంబరపడిపోయి పాత బండి ఒకటి కొనుక్కున్నారు. ఆఫీసు పని అయ్యాక ఆ కంచె నుంచి ఈ కంచె దాకా, ఎద్దుల బండి తోలినంత నెమ్మదిగా తిప్పుకునేవారు. కంచె దాటి ఏనాడూ పోలేదు.

మరి పోయిన ఫిబ్రవరిలో ఏమైందో నీకు తెలియదా?

తెలియదా. సరే, విను.

ట్రైల్ మీద పర్మిట్లు తనిఖీ చేసే మీ క్లబ్బు వార్డెన్లు ఇద్దరు, తలకి హెల్మెట్లూ అవీ పెట్టుకుని, ఆయన్ని మా పొలం మధ్యలో ఆపారు. పర్మిట్ స్టిక్కర్ ఏదన్నారు. లేదన్నారు ఈయన. ఇది ప్రైవేట్ ల్యాండ్, ఓనర్ పర్మిషన్ ఉందా నీకు అని అడిగారట. ఎవర్ని? ఓనర్‌ని.

ఈయనేమన్నారో తెలుసా? సారీ అన్నారు. సారీ చెప్పి, వాళ్ళు తీసేయమంటే బండిని సొంత పొలంలోంచి రోడ్డు మీదకి తీసుకుపోయి, వాళ్ళు కనబడకుండా పోయేదాకా అక్కడే నిలబడి, బండి అక్కడే వదిలేసి నడుచుకుంటూ ఇంటికొచ్చారు. మీసాల నిండా మంచు. వచ్చి, ఏం కూర చేశావు అని అడిగారు.

నేను గరిటె అక్కడే పడేసి అరిచాను. నోరు పడిపోయిందా, ఇది నా పొలం అని ఒక్క ముక్క అనలేకపోయారా అని. ఆయన తాపీగా చేతులు కాచుకుంటూ, "ఆపినవాళ్ళలో ఒకడు మనవాడే దమయంతీ" అన్నారు. "బండి దిగుతుంటే కాలు మోకాలి దాకా మంచులో దిగబడింది. వెంటనే తెలంగాణ తిట్టు ఒకటి తిట్టుకున్నాడు. పక్కన తెల్లాయన ఉన్నాడు. నేనే ఓనర్‌నంటే కుర్రాడు ఆయన ముందు చిన్నబోతాడు, ఎందుకులే అని ఊరుకున్నా."

ఆ తిట్టేమిటో నా నోటితో నేను అనను.

మీ క్లబ్బులో తెలుగువాళ్ళు ఎంతమంది బాబూ?

నువ్వొక్కడివే. ఊఁ. కాఫీ చల్లారిపోతోంది, తాగు.

తల దించుకుంటే నేను ఆపేస్తాననుకోకు. ఆ తెల్లాయన అడిగుంటే నాకింత మంట ఉండేది కాదు. వాళ్ళ కళ్ళకి మనం ఎప్పుడూ దారి తప్పి వచ్చినవాళ్ళమే, అది అలవాటైపోయింది. అడిగింది నువ్వు. ఆయన హెల్మెట్ అద్దం పైకెత్తే మాట్లాడారు, మొహం చూస్తూనే ఉన్నావు. ఆ మొహానికి ఇంత నేల ఉండొచ్చని నీకే తట్టలేదు.

రూలా? అందర్నీ అలాగే అడగాలా? మరి పక్క పొలం వాడు పర్మిట్ లేకుండా రోజూ వాడి గట్టు మీద బర్రుమని తిరుగుతుంటాడే, వాణ్ణి ఏనాడైనా ఆపారా? వాడు ఎదురైతే చెయ్యి ఊపుతారు. నేను కిటికీలోంచి చూశాను.

ఉచితంగా పర్మిట్ ఇస్తారా. ఏం చేసుకోను? ఆయన బండి అమ్మేశారు. నీకెవరూ చెప్పలేదేమో. మోకాళ్ళు నొప్పులన్నారు. ఆయన మోకాళ్ళు నిక్షేపంలా ఉన్నాయి.

వద్దు, లేవకు. కాళ్ళకి దణ్ణాలూ అవీ నాకొద్దు. నువ్వు సారీ చెప్పినంత మాత్రాన నేను సంతకం పెట్టను.

ఎందుకో చెప్పనా? నువ్వు మనవాడివి కాబట్టి చెబుతున్నా. ఇంగ్లీషులో ఈ మాట చెప్పడం నాకు రాదు.

ఇన్నాళ్ళూ ఈ ఊళ్ళో నన్ను పలకరించినవాడు లేడు. గ్రోసరీ షాపులో కౌంటర్ దగ్గర పిల్ల నా కార్డు వంక చూసేది గానీ నా వంక చూసేది కాదు. సంతకం పెట్టనని చెప్పాను, అంతే. మోటెల్ నడిపే ఆవిడ, పాపం చలికాలమంతా మీ బండ్లవాళ్ళ మీదే బతుకుతుంది, షాపులో నా చెయ్యి పట్టుకుని మా ఇషిత ఏం చదువుతోందని అడిగింది. మాకో కూతురుందని ఆవిడకి ఎవరు చెప్పారో. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కార్లు ఆపి గుడ్ మార్నింగ్ చెబుతున్నారు. మీ ప్రెసిడెంటు దమయంతి అని పూర్తిగా, తప్పు లేకుండా పలికాడు. ఇంటి దగ్గర ప్రాక్టీసు చేసుకుని వచ్చుంటాడు.

నాకది బాగుంది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, బాగుంది.

మొదట ఆయన కోసమే ఆపాను, ఒట్టు. ఇప్పుడు ఆయన కోసం కాదు. ఆయన రోజూ పెట్టెయ్యవే పాపం అంటూనే ఉన్నారు. పెడితే ఆ మర్నాడు వీళ్ళలో ఒక్కరికైనా నా పేరు గుర్తుంటుందా, నువ్వే చెప్పు.

సరేలే. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకో. మంచు పడటానికి ఇంకా టైముంది. వచ్చేవారం నువ్వైనా సరే, ఇంకెవరైనా సరే, మళ్ళీ రండి. వాళ్ళడిగితే మాత్రం నేను చెప్పినదేదీ చెప్పకు. ఆవిడ కోపం ఇంకా తగ్గలేదని చెప్పు.