నర్సమ్మ ఇచ్చిన పూసల మాల

మనుబోలు చేలో నారు పీకుతున్న తోడికోడళ్ళలో పెద్దామె నడుం పట్టుకొని లేచింది.

"మే, నలుగురు చాలనుకుంటే నాకు మళ్ళీ నెల తప్పింది. పిల్లలు పుట్టరని ఆస్పత్రి నర్సమ్మ ఇచ్చిన పూసల మాల మోసం చేసింది."

"ఎర్రపూసల దినాల్లో బావకు దూరంగా ఉండలేదా అక్కా?"

"ఉండినా! పచ్చపూస వచ్చినాకనే దగ్గరికి రానిచ్చినా. దినానికొక పూస తప్పకుండా జరిపినా."

"నువ్వూ జరిపినావా? పనుల్లో పడి మరిచిపోతావని రోజూ నేనొకటి జరుపుతుండా గదా!"

పెద్దామెకు కోపం రావలసింది, నవ్వొచ్చింది.

"అందుకేనా పచ్చపూస పరిగెత్తుకొచ్చింది!"

పకపకా నవ్వుతున్న చిన్నామె ఉన్నట్టుండి వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టుకుంది.

"ఏంమే?"

"నేనూ ఆ మాలే చూసుకుంటుండా అక్కా..."

పెద్దామె నారుకట్ట మీద కూలబడి, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"మాల ఒకటి సరిపోయింది గానీ మే, ఉయ్యాలలు రెండు కావాల!"