ఒక్క తానులో ఇరవై నాలుగు కండువాలు

ఆ కేక ఇన్నావేటే తేజస్వీ? 'పాత పట్టుచీర్లు కొంటాం, జరీ చీర్లు కొంటాం' అని ఈదంతా మారుమోగిపోయేలా అరుస్తున్నాడు సూడు. ముందు మీ అత్త బీరువా తాళం దాసీ, లేపోతే తన పెళ్ళిచీర కూడా స్టీలు గిన్నెకి ఇచ్చీగల్దు. నవ్వుతావేటి, ఒకసారి ఇచ్చీసింది కూడాను! సర్లే, అలా కూకుని నీ బేగు మళ్ళా ఓసారి సూపించు. బరంపురం పట్టుతో లేప్‌టాప్ బేగు! బాగుందే, నిజంగానే బాగుంది. ఎక్కిరించట్లేదు, మెచ్చుకుంటున్నాను, నా మొహమే అంత. మేనగోడలు బుర్ర మేనమామదే అని రేపు మీ అమ్మకి ఫోన్ సేసి సెప్తాను. కానీ ఒక మాట. దీన్ని నేసేదెవరో తెల్సుకున్నావు. మరి కోసేదెవరో అడిగేవా? టైలరా? ఊఁ... అడగాలమ్మా. అదే అడగాలి.

ఎందుకంటావేటి. వరహాలమ్మని ఒకామె ఉండేది. మన బడా బజార్ దుకాణానికి చీర్లు నేసిచ్చే కొండలు పెళ్ళాం. కొండలు మాటాడాలంటే మగ్గం ఆగాల, ఆ మగ్గం ఆగేది కాదు. ఆయన వాటా మాటలన్నీ కూడా ఆవిడే మాటాడీసేది. ఫైలిన్ తుపానుకి ముందటేడు అనుకుంటాను, చీరల బేరం బాగా పడిపోనాది. ఓ రోజు దుకాణానికొచ్చి, 'సావుకారు బాబూ, ఇప్పటి పిల్లలు ఆరు గజాల బరువు మొయ్యరు. రెండు గజాలు నేయిద్దాం, మెడలో ఏసుకుంటారు' అన్నాది. 'పట్టు కండువాలా? పెళ్ళికొడుకులే ఏసుకుంటార్లేవే' అన్నాను. ఊరుకుంటాదా! నాలుగు నేయించి గోపాల్‌పూర్ బస్సెక్కీసింది. అక్కడ హోటళ్ళ ముందు సముద్రపొడ్డున నిల్సుని, ఎవరేటంటున్నారో ఇని, వొచ్చి మొగుడికి సెప్పేది. జరీ మెడకి గీసుకుంటందన్నారని జరీ తీయించీసింది. ఉతకడం ఎలాగన్నారని సీటీలు రాయించింది, నా సేతే, నా దుకాణం కాయితాలమీదే. ఆఖరికి ఏటి సేసిందో తెల్సా? చీర అంచున ఉంటాయి కదా కుంభాలు, గుడి గోపురాల్లా వరసగా. ఆ వరసని కండువా కొసలికి తెచ్చి, కొసన నెయ్యకుండా వొదిలేసిన దారాల్ని మెలేసి కుచ్చులు కట్టింది. ఒక్కో గోపురం మీంచి ఒక్కో కుచ్చు ఏలాడతాది. నలభయ్యేళ్ళు గుడ్డలమ్మినోణ్ణి, నాకు తట్టలేదే అది!

భువనేశ్వర్లో పెద్ద దుకాణం పెట్టినావిడెవరో అవి సూసి మురిసిపోనాది. 'బహుత్ భల, మాఉసీ', శానా బాగున్నాయి పిన్నీ అని ఈవిడ సెయ్యి పట్టుకుని వొదల్లేదట. దసరాకి ఇరవై నాలుగు పంపండి, అవి నచ్చితే నెలకి వంద అన్నాది. అప్పటికి ఆ ఈదిలో సగం మగ్గాలు విప్పీసి సూరత్ ఎల్లిపోనారు, మిల్లులకి. కొండలు మగ్గం నిలబడాలంటే ఇదొక్కటే దారి. నెలకి వందంటే ఆడు ఊరొదలక్కర్లేదు మరి.

పన్నెండో కండువాకి వరహాలమ్మకి జొరం పట్టింది. ఐదు రోజులు, అంతే. మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో పోయింది.

పదోరోజు అయ్యాక కొండలు మళ్ళీ మగ్గం గుంటలో దిగేడు. ఇరవై నాలుగూ నేసీసేడు. నెయ్యడానికేటి, నేసీగల్డు. ఆళ్ళ ఇంట్లో ఒక ఆచారముందే. అందరి ఇళ్ళల్లో ఉందని సెప్పను, ఆళ్ళ ఇంట్లో ఉండేది. నేసినోడు తన గుడ్డకి తను కత్తెర పెట్టడు. ఇంటి ఇల్లాలు పసుపు బొట్టు పెట్టి కొయ్యాలి. ఆ ఇల్లాలేది? కూతుళ్ళు లేరు, కోడళ్ళు లేరు. మొత్తం ఒక్క తానుగా సుట్టి, సైకిలెనకాల కట్టుకుని నా దుకాణానికొచ్చేడు. కండువాకీ కండువాకీ మధ్య జానెడు వొట్టి దారాలు, కోసేక కుచ్చులు కట్టడానికి.

దసరా ముందు మా దుకాణం ఎలాగుంటాదో సూసేవు కదా. గుమ్మంలో నిల్సున్నాడు. గంట నిల్సున్నాడు. 'ఏట్రా కొండలూ' అంటే, 'బాబూ... మీరు రోజూ కోస్తారు కదా' అన్నాడు. అంతకు మించి ఆడికి మాట రాదు. నా సేతిలో కత్తెరుంది తేజస్వీ. గిరాకీకి జాకెట్టు ముక్క కోస్తన్నాను. కొయ్యమంటన్నాడని అర్థమయింది. అర్థం కాలేదని నీతో అబద్ధమాడను. మైలపడ్డ ఇంటి గుడ్డ, పండగ పూట, గిరాకీ ముందు... ఏటో అనిపించింది. 'అలాగే పంపీరా, అంత పెద్ద దుకాణంలో కత్తెర్లుండవేటి' అనీసేను. తలూపి పార్సిలాఫీసుకి ఎల్లిపోనాడు.

భువనేశ్వర్ దుకాణం టైలర్‌కేటి తెల్సు? వొట్టి దారాలు సూసి, నేత తప్పిపోయిందనుకుని, గుడ్డ మొదలంటా కోసి మిషను కుట్టేసేడట. కుచ్చుల్లేవు. కుట్టులోకి గోపురాల తలకాయలు మడతపడిపోనాయి. ఇరవై నాలుగూ తిరిగొచ్చీసేయి. ఫోన్లో నేనే మాటాడేను ఆవిడతో, బతిమాలేను కూడాను. 'తాతా, నేనడిగిన వస్తువు ఇది కాదు' అన్నాది. ఆవిడ తప్పేముంది.

నెల తిరక్కుండా కొండలు మగ్గం కర్రలు టీకొట్టోడికి కట్టెలకి ఇచ్చీసేడు. యాభై నాలుగేళ్ళకి సూరత్ మిల్లుకి! మూడేళ్ళ తర్వాత అక్కడే పోయేడని కబురొచ్చింది, బూడిద కూడా ఇటు రాలేదు. ఆడు ఎల్లినరోజు స్టేషన్‌కి నేనెల్లేను ఎక్కించడానికి. ఎందుకెల్లేనో, తిడతాడేమో, తిడితే బాగుణ్ణనేమో. తిట్టలేదే. కిటికీలోంచి నా సెయ్యట్టుకుని, పెద్ద సంబరమైన సంగతి సెప్తున్నట్టు, 'అక్కడ గుడ్డ మిషనే కోసీస్తాదట బాబూ. మనిషి సెయ్యి పెట్టక్కర్లేదట' అన్నాడు.

...

ఆఁ, వొస్తన్నాం, వొస్తన్నాం! మీ అత్త రెండోసారి పిలుస్తంది. లే, ఆ బేగు పక్కనెట్టు, నూనె సేతులు తగల్తాయి. మీ బావ రవికాంత్ కూడా వొచ్చీసేడా? కూకోరా, అలా జరిగి కూకో. ఉమా, నువ్వూ ఒడ్డించుకుని కూకో, అందరం ఒక్కసారే తిందాం ఇవాళ. ఏటి, కందా బచ్చలా? ఎయ్యి. ఇంకొంచెం ఎయ్యి.