వంగిన మోకాలికి సున్నా

నడక కొలిచే ల్యాబులో, కెమెరాల మధ్య, ఇంజనీరైన చెల్లెలు తన అక్క కాలికి తెల్లటి చిన్న బంతులు అంటిస్తోంది. డాక్టరుగారు ఇంకా రాలేదు. ఆయన కోసం ఇంత ఆత్రంగా ఎవరూ ఎప్పుడూ ఎదురుచూసి ఉండరు.

"కదలకే అక్కా! బంతి ఊడిపోతోంది."

"ఆ డాక్టరు కాలు విరగ్గొట్టి, నేనే పట్టీ కట్టి, వంపు సున్నా అని రాసిస్తానే. 'మోకాలు భేషుగ్గా ఉంది, నటిస్తున్నాడు' అని కింద సంతకం కూడా పెడతా."

"పెడుదువుగాని. ముందు ఆ కాలు ఇటు పెట్టు."

"నవ్వకు. డిపోలో ఇప్పుడు నన్నేమని పిలుస్తున్నారో తెలుసా?"

"తెలుసు."

"హీరోయిన్! మెకానిక్ దగ్గర్నుంచి క్యాంటీన్ వాడిదాకా అదే పేరు. 'ఏం హీరోయిన్, ఇవాళ షూటింగ్ లేదా?' అని. ఇన్నేళ్ళు బస్సు తోలినదాన్నే నేను. రివర్సులో వచ్చిన బస్సు మోకాలు నుజ్జు చేస్తే అదీ నటనేనా? కాలు పూర్తిగా చాపలేను, క్లచ్ చివరిదాకా తొక్కలేను, టికెట్ కౌంటర్లో కూర్చోబెట్టండి బాబూ అన్నాను. అంతే కదా అడిగింది! మిషన్‌తో కొలిచి వాడు రాసిచ్చిన కాగితం చూసి, అబద్ధాలకోరునని ఉద్యోగమే పీకేశారు."

"అక్కా, కళ్ళు తుడుచుకో. తడి తగిలితే ఈ బంతులు అంటుకోవు."

"మీ బావ కూడా ఓ రోజు అనేశాడే. 'మిషన్ అబద్ధం చెబుతుందా?' అని."

"బావే?"

"ఆ పూట అన్నం పెట్టలేదు. ఆకలేస్తోందంటే, 'మిషన్ పెట్టి చూడు, నిజంగా ఆకలో నటనో చెబుతుంది' అన్నా."

"బాగా అన్నావు! ఇదిగో, ఇంకొక్క బంతి."

"అసలు ఇవేం చేస్తాయే?"

"ఎముక చేతికి ఎక్కడ తగులుతుందో అక్కడ అంటిస్తాను. చుట్టూ ఉన్న కెమెరాలు వీటినే చూస్తూ, తుంటి ఎక్కడ, మోకాలు ఎక్కడ, మడమ ఎక్కడ అని లెక్కగట్టి కోణం చెబుతాయి. చర్మంతో పాటు బంతీ కాస్త జారుతుంది, అదీ దీని రోగం. అంటించడానికి బోలెడంత ఓపిక కావాలి, కొనడానికి బోలెడంత డబ్బు."

"ఆ మూలనున్నవి?"

"అవి మామూలు వీడియో కెమెరాలు. బంతులక్కర్లేదు, పట్టీలక్కర్లేదు. మనిషి నడుస్తుంటే లోపల ఎముకలు ఎక్కడున్నాయో కంప్యూటరే ఊహించుకుంటుంది. వదులు బట్టలేసుకుంటే బోల్తా పడుతుంది. అందుకే నీకీ బిగుతు ప్యాంటు."

"ఊపిరాడ్డం లేదే ఇందులో. సరేగానీ, పరీక్ష రోజు ఆ డాక్టరు నాకు కట్టింది ఈ పట్టీలే కదా?"

"ఇవే. తొడకొకటి, పిక్కకొకటి. మధ్యలో మోకాలు ఎంత వంగిందో వీటిలోని సెన్సర్లు చెబుతాయి. చవక, తేలిక, రోడ్డు మీదైనా నడిపించి కొలవచ్చు. మంచి సరుకే అక్కా, దాన్ని తిట్టకు."

"మరి దీని రోగమేంటి?"

"అది నేను చెప్పను."

"నాకు చెప్పవా? తోడబుట్టినదాన్ని!"

"తోడబుట్టినదానివి కాబట్టే. నేను చెబితే అక్క కోసం చెప్పిందంటారు. ఆయన నోటితోనే చెప్పిస్తా."

"నన్ను గుర్తుపడితే?"

"ఆ రోజు నీ ముఖం చూశాడా?"

"ఎక్కడ! లాప్‌టాప్‌నే చూస్తూ కూర్చున్నాడు. 'నిలబడు' అన్నాడు, బటన్ నొక్కాడు, 'నడువు' అన్నాడు. కాలు రావట్లేదు సార్ అంటే, 'నువ్వు చెప్పక్కర్లేదమ్మా, మిషన్ చెబుతుంది' అన్నాడు."

"మరింకేం."

"కుంటితే కనిపెట్టడూ?"

"కనిపెట్టాలంటే తల తిప్పాలి కదా."

"ఆ కమిటీ మేడమ్ నిజంగా వస్తుందా?"

"వస్తుంది. దెబ్బ తగిలిన డ్రైవర్లందరినీ కొలవడానికి ఏ మిషన్ కొనాలో తేల్చేది ఆవిడే. నిన్ను తీసేసిన కాగితం మీద సంతకమూ ఆవిడదే. ఇవాళ పట్టీలు చాలు, ఆయన పద్ధతి చాలు అని ఒప్పుకుందా, ఇక నీ కేసు ఎవరూ తెరవరు."

"ఒక్క లెంపకాయైనా కొట్టనివ్వవే. ఒక్కటి!"

"కొడితే కేసు మన మీద. నోరు మూసుకుని నడువు చాలు. నేను చెప్పేదాకా పెదవి విప్పకు. తన గొయ్యి తనే తవ్వుకుంటాడు, మనం పక్కన నిలబడి పార అందిద్దాం."

"వస్తున్నట్టున్నారు."

"నీ చేతికర్ర బీరువా వెనక పెట్టు. త్వరగా!"

"రండి మేడమ్, రండి, కింద వైర్లున్నాయి జాగ్రత్త. ఈవిడ మా ఇంజనీరు. ఈవిడేమో..."

"నడిచి చూపించడానికి నేనే పిలిచాను సార్."

"మంచిది, మంచిది. చూడండి మేడమ్, మూడు పద్ధతులూ ఒకే మనిషి మీద, ఒకేసారి. బంతులూ కెమెరాలూ అంటే ఏనుగును మేపడమే. ఈ పట్టీలు చూడండి, అరచేతిలో ఇమిడిపోతాయి. మూడూ ఒకే మాట చెబుతాయి. అలాంటప్పుడు ఏనుగెందుకు మనకి?"

"మూడూ ఒకే మాట చెబితే నాకూ సంతోషమే. చూపించండి."

"కానివ్వమ్మా ఇంజనీరూ."

"పట్టీల బటన్ నొక్కనా? మీరు కేసుల్లో ఎలా చేస్తారో అలాగే చెయ్యమంటారా?"

"అచ్చం అలాగే. నేను తెర చూస్తుంటా."

"నిలబడండి. కదలకండి. ఆఁ, నొక్కాను. ఇక నడవండి."

"అదిగో మేడమ్! పట్టీల గీత చూడండి, మడమ నేలకు తాకగానే సున్నా. అంటే కాలు పూర్తిగా తిన్నగా వస్తోంది. ముచ్చటైన మోకాలు!"

"మరి ఆ పై గీతేంటి డాక్టరుగారూ? అక్కడెక్కడో ఉంది?"

"ఏదీ... అది బంతులదండి. ఇరవై రెండు డిగ్రీలా? బంతి జారి ఉంటుంది మేడమ్. చర్మం కదా."

"వీడియో కూడా ఇరవై చూపిస్తోంది సార్."

"వీడియోది ఊహే కదమ్మా!"

"బంతులూ వీడియో కూడబలుక్కుని ఒకే అబద్ధం చెబుతున్నాయంటారా?"

"అబ్బే, అది కాదు మేడమ్... ఆగమ్మా. ఆగు. అక్కడే నిలబడు. ఇటు తిరుగు... ఇదేంటి? ఈ మోకాలు వంగే ఉంది! నిలబడ్డా తిన్నగా రావట్లేదు!"

"అవును సార్."

"అవును సారేంటి అవును సారు! మేడమ్ ముందు పరువు తీశావు. మేడమ్, ఇందులో మిషన్ తప్పేం లేదు, తప్పంతా ఈవిడదే. బటన్ నొక్కిన క్షణాన కాలు ఎలా ఉంటే, పట్టీలు దాన్నే సున్నా అనుకుంటాయి. వంగిన కాలి మీద నొక్కితే ఆ వంకరే సున్నా. ఇక ఎంతసేపు నడిపించినా కాలు భేషుగ్గా ఉందనే చెబుతాయి!"

"మరేం చెయ్యాలి సార్?"

"ఏం చెయ్యాలా? బటన్ ముట్టుకునే ముందు పడుకోబెట్టి, కోణం చూసే బద్ద పెట్టి, కాలు ఎంత వంగి ఉందో కొలిచి, అది లెక్కలో కలపాలి. అ ఆలు ఇవి! చదువుకునే పిల్లలకు మొదటి రోజే చెబుతాను."

"చూడకుండా నొక్కేస్తే?"

"గుడ్డితనం! లేదంటే పొగరు. దెబ్బతిన్న మనిషిని నిలబెట్టి దొంగ అన్నట్టే."

"అలా నొక్కినవాళ్ళని ఏం చెయ్యమంటారు సార్?"

"ఇంకో రోగిని ముట్టుకోనివ్వకూడదు! వాళ్ళు సంతకం పెట్టిన కేసులన్నీ తిరగదోడాలి. నా చేతిలో ఉంటే నిన్ను ఈ క్షణమే ఇంటికి పంపేవాణ్ణి!"

"విన్నారు కదా మేడమ్?"

"విన్నాను. ఆయన చెప్పింది న్యాయంగానే ఉంది."

"ఇక మాట్లాడక్కా."

"అక్కా? ఎవరి అక్క? ఎవరమ్మా నువ్వు?"

"బస్సు డ్రైవర్నండి. నటిస్తున్నానని మీరు రాసిస్తే, ఈ మేడమ్ ఇంటికి పంపేశారు. ఆ రోజు కూడా ఇలాగే నిలబడ్డాను సార్, బటన్ మాత్రం మీరు నొక్కారు."