ఒకటి పాయింట్ పది

ఆపరేషన్‌లో మాట పోయిన భార్య పక్కన ఉండగా, కంప్యూటర్ ముందు కూర్చుని భర్త తన బావమరిదితో ఫోన్లో మాట్లాడుతున్నాడు. స్పీకర్ ఆన్ చేసి ఉంది.

"అది అడిగింది, నేను వై కొట్టాను. అంతేరా."

"ఏమడిగిందో చదివావా బావా?"

"లినక్స్ అప్‌గ్రేడ్ చెయ్యి, అడిగినదానికల్లా వై కొట్టు అన్నావు. కొట్టాను."

"తీసేసేవి ఇవీ అని కింద చూపించి ఉంటుంది. అందులో అక్కగొంతు అని ఉందా?"

"ఉండే ఉంటుంది. మీ అక్క ఏం టైపు చేసినా ఇది పలకడం లేదు."

"కంగారు పడకు. అక్క గొంతు రికార్డు చేసి నేను కట్టిన ప్యాకేజీ ఆ ఫోల్డర్లోనే ఉంది, మళ్ళీ ఎక్కిద్దాం. పేరు చదువు."

"అక్కగొంతు ఒకటి పాయింట్ తొమ్మిది."

"అది కాదు. ఒకటి పాయింట్ పది."

"అది... అది లేదురా."

"లేకపోవడమేంటి?"

"అప్‌గ్రేడ్‌కి చోటు చాలదంది. రెండూ ఒకటే కదా, పాతది తీసేద్దామని..."

"ఏది పాతది?"

"పదిది. ఒకటి పాయింట్ పదంటే ఒకటి పాయింట్ ఒకటేగా. తొమ్మిదికన్నా చిన్నదేగా."

"బావా, అది దశాంశం కాదు. చుక్క తర్వాత ఉన్నది వరస నంబరు. ఎనిమిది, తొమ్మిది, పది. పదే కొత్తది."

"నాకెవడు చెప్పాడ్రా?"

"చెప్పకపోవడం నా తప్పే."

"సరే, నీ దగ్గరున్నది పంపు."

"నా దగ్గర కాపీ లేదు. నా డిస్కు పాడైందని చెప్పాను కదా."

"పోనీ, మళ్ళీ రికార్డు..."

"ఎవరి గొంతు రికార్డు చేస్తాం బావా?"

"నా నోట్లో మన్ను పడ. పక్కనే ఉండి అన్నీ వింటోందిరా. పాప బడి నుంచి వచ్చే వేళైంది. గుమ్మంలోంచే అమ్మా అంటుంది. ఎవరు పలుకుతారు? నా చేతులు విరిచెయ్యాలి."

"అక్క ఏం చేస్తోంది?"

"ఆ తొమ్మిది మీద వేలు పెట్టి చూపిస్తోంది."

"అదొద్దు. అది పాడు ప్యాకేజీ. ఆపరేషన్‌కి ముందు రోజంతా కూర్చోబెట్టి వాక్యాలు చదివించానా, మధ్యలో నన్ను తిట్టిన తిట్లు కొయ్యకుండానే కట్టేశాను. ఏం టైపు చేసినా ముందు ఓ తిట్టు వస్తుంది. పాప ముందు బాగోదు."

"నా చెయ్యి తోసేసింది. తనే ఎక్కించేస్తోంది."

"ఆపు బావా."

"నా మాట ఎప్పుడు విందని? ఉండు, చెప్పుల చప్పుడు. పాప వచ్చేసింది."

"అమ్మా!"

"ఇంకెన్నిసార్లు చదివిస్తావురా వెధవా, నా గొంతు పోయేలా ఉంది... వచ్చావా తల్లీ, రా."