గుట్టకిందపల్లె వాలు దిగిన శ్రీ కంబన్నగారు

1929వ సంవత్సరం నవంబరు పదకొండవ తేదీ సోమవారంనాడు, డోన్ ప్రాంతంలో నాపరాళ్ల బండ్లు తోలుకొని జీవిస్తున్న ఇరవైయారేళ్ల యువకుడొకరు కర్నూలులోని మా మోటారు సర్వీసు షెడ్డు ముందు తమ ఎద్దులను కట్టివేసి, లోనికి వచ్చి ఉద్యోగం అర్థించారు. మోటారు తోలడం వచ్చునా అని యజమానిగారు ప్రశ్నించగా, "రాదు సామీ, వాలులో బండి నిలిపేది మాత్రం వచ్చు" అని బదులు చెప్పారట. ఆ జవాబుకు యజమానిగారు నవ్వి, క్లీనరుగా చేర్చుకున్నారు. ఆనాటి ఆ యువకులే ఈ జూను నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మన సీనియర్ డ్రైవరు శ్రీ కంబన్నగారు.

సన్మాన వ్యాసమంటే పూలే గాని ముళ్లు కనబడరాదని లోకాచారం. ఈ వ్యాసంలో ఆ ఆచారం తప్పింది. తప్పించినవారు కంబన్నగారే గనుక, కోపం వచ్చినవారు వారినే అడగవచ్చును.

క్లీనరుగా చేరిన అయిదేళ్లకు వారు లైసెన్సు సంపాదించి, కర్నూలు నుండి ఓర్వకల్లు, నంద్యాల మీదుగా కడపకు వెళ్లే బస్సుకు డ్రైవరుగా నియుక్తులయ్యారు. యుద్ధకాలంలో పెట్రోలు కరువై, బస్సుల వెనుక బొగ్గు పొయ్యిలు కట్టుకొని ఆ పొగతో నడిపిన రోజులలో, ఎత్తు ఎక్కలేక బండి మొరాయించినప్పుడల్లా ప్రయాణికులే దిగి తోయవలసి వచ్చేది. తోయడానికి నామోషీపడి లోపలే కూర్చున్న ఒక పెద్దమనిషితో, "ఎద్దునైతే అదిలిస్తా, మిమ్మల్నేం చేసేది సామీ" అని కంబన్నగారు చేతులు జోడించగా, ఆ పెద్దమనిషి నవ్వుతూ పంచె ఎగ్గట్టి దిగిన ముచ్చట మా షెడ్డులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రయాణికులకు వారంటే అంత చనువు, అంత గౌరవం.

యుద్ధం ముగిసి పెట్రోలు దొరికినా, దాని విలువ మాత్రం మా సర్వీసువారి మనస్సులో తగ్గలేదు. ఏటా ఆయుధపూజనాడు, అందరికంటె ఎక్కువ పెట్రోలు ఆదా చేసిన డ్రైవరుకు పట్టు రుమాలు తలకు చుట్టి గౌరవించడం మా సంప్రదాయం. ఆదా చేసే ఉపాయం అందరూ ఎరిగినదే. వాలు వచ్చినచోట ఇంజను ఆపివేసి బండిని దాని బరువుకే వదిలేయడం, దిగువన మళ్లీ ఇంజను అందుకోవడం. ఎద్దులబండి నాటినుండి వాలు నాడి తెలిసిన కంబన్నగారు ఈ విద్యలో ఆరితేరి, వరుసగా కొన్నేళ్లు ఆ రుమాలు ఇంకొకరి తలకెక్కనివ్వలేదు. మేమంతా చప్పట్లు కొట్టినవారమే గాని, చప్పుడు లేకుండా దిగే బస్సు ఎవరి మీదికి దిగుతుందని అడిగినవారం కాము.

ఓర్వకల్లు దాటిన తరువాత, బండరాళ్ల గుట్టల నడుమ నుండి రోడ్డు జారినట్లు దిగే చోట గుట్టకిందపల్లె అనే చిన్న ఊరున్నది. వాలు చివర రోడ్డుకు ఒక పక్క మిషను పాఠశాల, రెండవ పక్క పిల్లల ఇండ్లు. వేసవి సెలవులలో ఆ బడి ముందు ఒక మేక కూడా నిలబడదు. ఏప్రిలు, మే నెలలంతా ఆ వాలులో ఇంజను ఆపి, హారను ముట్టకుండా దిగడం కంబన్నగారికి ఊపిరి పీల్చినంత అలవాటైపోయింది. 1953వ సంవత్సరం జూనులో బడి తెరిచిన రోజు ఉదయం కూడా వారు అలాగే దిగారు. బడి తెరుస్తారన్న సంగతే వారికి తోచలేదు.

ఎనిమిదేళ్ల కృపమణి అనే బాలిక రోడ్డు మధ్య వంగి, జారిపడిన బలపం ఏరుకుంటున్నది. వీపు వాలువైపు ఉన్నది. ఇంజను మ్రోత విన్నా, హారను విన్నా పక్కకు తప్పుకొనేదే. వినడానికి ఏమీ లేదు. కంబన్నగారు బ్రేకు తొక్కేసరికి ముందుచక్రం ఆ పసిబిడ్డ కాలిని తాకింది. వారు ఒక్క దూకున దిగి, బిడ్డను ఎత్తుకొని, పరుగున వచ్చిన తండ్రి గాబ్రియేలును ఎక్కించుకొని, నిండా ప్రయాణికులున్న బస్సును వెనక్కు తిప్పి కర్నూలు పెద్దాసుపత్రికి చేర్చారు. సకాలంలో తెచ్చినందున ప్రాణం దక్కిందని డాక్టరుగారన్నారు. ఒక కాలు మాత్రం పొట్టిదైపోయింది.

పోలీసులు విచారించినప్పుడు కండక్టరు ఓబన్న, తన డ్రైవరును కాపాడుకోవాలనే తలంపుతో, హారను మూడుసార్లు కొట్టారనీ, పిల్లే చూడకుండా ఉరికిందనీ చెప్పాడు. ఆ సమయంలో నిద్రమత్తులో జోగుతుండిన ప్రయాణికులు కూడా, అవును కొట్టారు అన్నారు. మా సర్వీసు కూడా పిల్లదే తప్పని తేల్చింది. కంబన్నగారు దొంగకు తేలు కుట్టినట్లు ఊరుకున్నారు. అంతలో గాబ్రియేలు వచ్చి వారి రెండు చేతులూ కళ్లకద్దుకొని, "దేవుడే నీ రూపాన వచ్చినాడు డ్రైవరన్నా" అన్నప్పుడు, నిజం చెప్పడానికి తెరవబోయిన నోరు మూతపడిపోయిందట. తిట్టి ఉంటే చెప్పేవాణ్ణి, దండం పెట్టినాడు గనుక చెప్పలేకపోయినాను అని వారు ఈ మధ్య మాతో అన్నారు. అది సాకు కాదని, తమ సిగ్గు ఎలా మొదలైనదో చెప్పడమేననీ కూడా అన్నారు.

ఆ తరువాత వారు పట్టు రుమాలు పోటీనుండి తప్పుకున్నారు. వయసు మీదపడిందని మేము అనుకున్నాము. ఆ మరుసటి ఏటినుండి, బడులు తెరిచే జూను నెలలో, వారి బస్సు గుట్టకిందపల్లె వాలు పైన ఆగేది. కండక్టరు దిగి ముందు నడిచేవాడు. వెనుక బస్సు ఇంజను మ్రోగుతూ, హారను కూస్తూ, మొదటి గేరులో పాకేది. "ఏమప్పా, పెండ్లి ఊరేగింపా? మేళం యాడ?" అని ప్రయాణికులు ఎగతాళి చేసేవారు. కంబన్నగారు హారను మీదినుండి చెయ్యి తీసేవారు కారు. ఈ పద్ధతి యజమానిగారికి నచ్చి, బడులున్న చోట ప్రతి బస్సూ ఇంజను ఆపకుండా, నడకవేగంతోనే పోవాలని సర్వీసు మొత్తానికి నియమం చేశారు. కొత్త డ్రైవర్లకు ఆ నియమం చెప్పేటప్పుడల్లా, బిడ్డ ప్రాణం కాపాడిన కంబన్న కథ కూడా చెప్పడం మా వాడుకైంది. కథ చెప్పినప్పుడల్లా వారు బీడీ నెపంతో బయటికి పోయేవారు. మేము దానిని వినయమనుకొని ఇంకా పొగిడాము.

మన సర్వీసు పత్రిక ఈ సంచికకు వివరాలు సేకరించడానికి మే నెలలో సంపాదకులం మేమిద్దరం వారి ఇంటికి వెళ్లాము. సన్మాన సభకు గాబ్రియేలును పిలిపించి, అతనిచేతనే మొదటి పూలమాల వేయించాలని నిశ్చయించినట్లు ఎంతో సంతోషంగా చెప్పాము. కంబన్నగారి ముఖం నల్లబడిపోయింది.

"ఆయప్పను పిలవద్దండప్పా."

"ఎందుకన్నా? వాళ్ల బిడ్డను బతికించినోనివి."

"బతికించేది తర్వాత. తొక్కించింది గూడా నేనే గదా! ఇంజను ఆపుకొని దిగినా. హారను కొట్టలే. కొట్టినాడని ఓబన్న చెప్తాంటే నోరు మూసుకొని నిలబడినా."

మజ్జిగ చెంబులు తెస్తున్న వారి ధర్మపత్ని సిద్దమ్మగారు గడపలోనే ఆగిపోయారు. "అయిదేండ్లుగా నా చేతి కూడు తింటాండావు. ఊరంతా నిన్ను పొగుడుతాంటే నేను గూడా మురిసిపోతి గదయ్యా. నాకన్నా చెప్పకూడదా?"

"సిగ్గయితాండె సిద్దమ్మా."

"ఇప్పుడు కాలేదా?"

"ఇప్పుడూ అయితాండాది. ఆయప్ప చేత మాల వేయించుకునేది ఇంకా సిగ్గు."

సిద్దమ్మగారు చెంబులు మా ముందు పెట్టి, చీర మార్చుకొని వచ్చి, "లెయ్, పోదాం పా" అన్నారు. కంబన్నగారు ఆనాడు ముందుసీటులో కూర్చోమన్నా కూర్చోక, ప్రయాణికుల నడుమ తలవంచుకొని గుట్టకిందపల్లెకు వెళ్లారు. అక్కడ జరిగినది సిద్దమ్మగారు చెప్పగా విని వ్రాస్తున్నాము.

గాబ్రియేలు పొలంనుండి అప్పుడే వచ్చి, ఆనందంతో మంచం వాల్చాడు. కంబన్నగారు కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పారు. గాబ్రియేలు తన కుడిచేతిని చూసుకుంటూ నేలమీద చతికిలబడ్డాడు.

"బస్సు సద్దు కాలేదు నాయనా అని ఈ బిడ్డ ఆసుపత్రిలోనే చెప్పినాదన్నా. సాయం చేసినోని మీద అబద్ధం చెప్తావా అని, కట్టు గూడా విప్పకముందే చెంప మీద కొట్టినా. ఈ చేత్తోనే కొట్టినా. ఈ చేత్తోనే నీకు దండం పెట్టినా."

కంబన్నగారికి కాలి సంగతి మాత్రమే తెలుసు. చెంపదెబ్బ సంగతి తెలియదు. పదమూడేళ్ల కృపమణి గుంజకానుకొని నిలబడి ఉన్నది. ఆమె వైపు తిరిగి, "నన్ను మన్నించు తల్లీ" అని వారు చేతులు జోడించబోగా, ఆ పిల్ల ఆపింది.

"నాకు చెప్తే ఏం లాభం తాతా? నాకు తెలుసు గదా. ఏటా బడి తెరిచిన పొద్దు మా సారు నన్ను కొత్తపిల్లోళ్ల ముందర నిలబెట్టి, హారను వినకుండా ఉరికితే కాలు ఇట్లయితాదని చూపిస్తాడు. ఈసారీ నిలబెడతాడు. ఆ పొద్దు రా. వచ్చి వాళ్లకు చెప్పు."

వస్తానని కంబన్నగారు మాట ఇచ్చారు.

ఈ జూనులో బడి తెరిచిన రోజున వారు సెలవు పెట్టి వెళ్లారు. మేమూ వెంట వెళ్లాము. పంతులుగారు యథాప్రకారం కృపమణి భుజంమీద చెయ్యివేసి, పసిపిల్లలకు జాగ్రత్తలు మొదలుపెట్టారు. మంచి ఉద్దేశమే, సందేహం లేదు. కంబన్నగారు గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికి పోయి ఆ పిల్ల పక్కన నిలబడ్డారు. గోడవైపు తిరిగి రెండుసార్లు దగ్గి, మళ్లీ పిల్లలవైపు తిరిగారు.

"ఈ పాప ఉరకలేదు నాయనా. వంగి బలపం ఏరుకుంటాండె. బస్సు తోలింది నేను. పెట్రోలు మిగలాలని ఇంజను ఆపుకొని వస్తి, హారను కొట్టకపోతి. పాపకు యాడ వినబడుతుంది? పాప చెప్పిందే నిజం. అబద్ధమాడింది మేము."

పంతులుగారి చెయ్యి ఆ భుజం మీదినుండి మెల్లగా జారిపోయింది. కూర్చోమని ఆయన సైగ చేసినా, కృపమణి కూర్చోలేదు.

"సారూ, ఇంగ నన్ను నిలబెట్టరు గదా?"

"నిలబెట్టనమ్మా" అని పంతులుగారు తలవంచుకున్నారు. అప్పుడు ఆ పిల్ల కుంటుకుంటూ పోయి తన చోట కూర్చున్నది. వెనుక కిటికీ దగ్గర నిలబడి ఉన్న మాకు, ఎటు చూడాలో తోచలేదు.

తిలాపాపం తలా పిడికెడు అన్నారు పెద్దలు. ఆ రుమాలు చుట్టిన చేతులు మావి, చప్పట్లు కొట్టినవి మావి, పిల్లదే తప్పని తేల్చిన సర్వీసు మాది, ఆమె కుంటికాలిని మా గొప్పకథగా చెప్పుకున్న నోళ్లు మావి. ఆ తేల్చిన మాట తప్పని యజమానిగారు పోలీసువారికి తెలియజేశారు. ఓబన్న కూడా వెళ్లి తన మాట మార్చుకొని వచ్చాడు. పెట్రోలు ఆదాకు ఇచ్చే బహుమానం ఈ ఏటినుండి రద్దయినది. ఇంత ఆలస్యంగా జరిగిన పనులను ఘనకార్యాలుగా చెప్పుకోవడానికి మాకు మొగం లేదు.

పదవీ విరమణానంతరం ఏం చేస్తారని అడిగితే, ఏటా బడులు తెరిచిన నెల అంతా గుట్టకిందపల్లె వాలు కింద నిలబడతానని కంబన్నగారన్నారు. చెప్పడమే కాక, బడి తెరిచిన ఆ రోజునే బడి విడిచే వేళ రోడ్డు మీదికి వెళ్లి నిలబడ్డారు కూడా. కృపమణి బయటికి రాగానే, దాటించడానికి చెయ్యి చాచారు. ఆ పిల్ల ఆ చేతిని చూసి, తన పలకను చంకన సర్దుకొని, "నా చెయ్యి ఎందుకు తాతా? నేను దాటుకుంటాలే. నువ్వు బస్సును ఆపు" అన్నది.

కావున, సోదర డ్రైవర్లారా, శ్రీ కంబన్నగారికి సుదీర్ఘమైన, ఆరోగ్యవంతమైన శేషజీవితాన్ని, మండుటెండలో నిలబడగల కాళ్ల బలాన్ని, ఎత్తిన చెయ్యి దించకుండా ఉంచగల భుజబలాన్ని, సిద్దమ్మగారి తోడును భగవంతుడు నిండుగా ప్రసాదించాలని ప్రార్థిద్దాము. ప్రార్థించిన తరువాత, ఆ వాలు దిగేటప్పుడు ఇంజను ఆపకండి, హారను కొట్టండి, వారి చెయ్యి కనబడగానే బస్సును ఆపండి. ఆ పిల్ల తనంతట తాను దాటి అవతలికి చేరేవరకు ఆగండి.