దారి పక్కన రాలిన కాయ

పసిఫిక్ సముద్రంలోని ఓ చిన్న దీవికి విహారానికి వచ్చిన నరసరావుపేట దంపతుల అద్దెకారు ఒక పల్లె మొదట్లో ఆగి ఉంది. దాని ముందు పగిలిన కొబ్బరికాయ. ఆ కాయ రాలిన చెట్టు తాలూకు ముసలమ్మ అప్పుడే చెడతిట్టి ఇంట్లోకి వెళ్ళింది. కారు తాళం మాత్రం భార్య గుప్పిట్లో ఉంది.

"తాళం ఇయ్యవే, పోదాం. కొత్తగా ఎక్కిన బండికి కాయ కొట్టడం తప్పా ఏంది?"

"కొట్టడం తప్పని నేనన్నానా? అడక్కుండా తియ్యడం తప్పు."

"కింద పడున్న కాయేగా! ఎటు చూసినా కొబ్బరిచెట్లే. ఒక్క కాయకి ఇంత రాద్ధాంతమా?"

"మన గట్టు మీద రాలిన మిరపకాయలు ఏరుకుందని ఒక ముసలామెను రొంపిచెర్ల రోడ్డు దాకా తరిమావు. రాలినా నాదేనన్నావుగా అప్పుడు?"

"అది మన చేను!"

"ఇది ఆమె చెట్టు."

అతను స్టీరింగు మీంచి చేతులు తీశాడు.

"పోనీ, తప్పయిందని చెబుదామన్నా ఆమె భాష నాకొచ్చా?"

ఆ మాటకు ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఆమె తిట్టింది మాత్రం బాగా అర్థమైందిగా నీకు! నువ్వు చెప్పేదీ ఆమెకు అట్టాగే అర్థమవుద్ది. దిగు."