ఒంటె కనుమ కింద సున్నాల ఆట

ఒంటె కనుమ మీద మంచు జారిందని పొద్దున్నే దారి గేటు వేసేశారు. గేటు వేశారంటే ఇక చేసేదేం లేదు, ఊల్కన్ వదిన టీ కొట్లో కూర్చోవడమే. బిష్కెక్ పోయే మినీ బస్సులూ గొర్రెల లారీలూ బయట వరసగా నిలబడ్డాయి. డ్రైవర్లంతా లోపల చెక్క అరుగు మీద కాళ్ళు మడుచుకుని కూర్చున్నారు. తలుపుకి ఎదురుగా ఉన్న పైచోటులో కల్ముర్జా కూర్చున్నాడు. ఆ చోటు ఆయనది. ఎవడైనా తెలియక అందులో కూర్చుంటే ఆయన ఆ పూట టీ ముట్టడు, ఆ మనిషిని చచ్చేదాకా మర్చిపోడు.

ఆయన ఈ దారిలో బండి తోలడం మొదలెట్టేనాటికి ఇక్కడున్నవాళ్ళలో సగంమంది పుట్టలేదు. ఇన్నేళ్ళలో బండికి గీత పడలేదు. గీత అంటే గీతే, గోటితో గీకినంత కూడా లేదు. అలాంటి మనిషితో, పోయినేడాది ఇన్సూరెన్సు కట్టేటప్పుడు, బ్రోకరు షామిర్కన్ ఏమన్నాడు? "ముసలాయన తోలే బండి కదా పెద్దాయనా, కొంచెం ఎక్కువ పడుతుంది" అన్నాడు. నలుగురిలో అన్నాడు. ఊళ్ళో తెల్లగడ్డానికి పైచోటు ఇస్తారు, ఇన్సూరెన్సువాళ్ళు తెల్లగడ్డానికి జరిమానా వేస్తారు. ఆ "కొంచెం" కట్టడానికి కల్ముర్జా తన ఎర్ర గుర్రాన్ని అమ్మేశాడు. ఈసారి ప్రీమియం ఇంకా పెరిగిందట. ఈసారి అమ్మడానికి ఆయన దగ్గర మిగిలింది బండి ఒక్కటే. బండికి ఇన్సూరెన్సు కట్టాలంటే బండినే అమ్ముకోవాలి, అదీ సంగతి.

అదే షామిర్కన్ ఇవాళ ఇక్కడే చిక్కుకున్నాడు. తలాస్ నుంచి తష్తాన్ తోలే గొర్రెల లారీలో వచ్చాడు, మంచి కోటు నిండా ఉన్ని. అరుగెక్కీ ఎక్కగానే బేరం మొదలెట్టాడు.

"మీ బండ్లన్నిటి ఇన్సూరెన్సూ మూడేళ్ళు నా చేతిలో పెట్టండి. ఇంకో బ్రోకరు గడప తొక్కొద్దు. ప్రీమియం నేల మీదకి దించే పూచీ నాది. ఏమంటారు?"

అందరూ కల్ముర్జా చేతుల వంక చూశారు. ఎందుకంటే అక్కడ బేరం కాగితం మీద తెగదు. పెద్దవాడు రెండు అరచేతులూ పైకి పట్టి దీవెన చెబుతాడు, చుట్టూ ఉన్నవాళ్ళూ చేతులు పడతారు, ఆఖరున "ఓమిన్" అని అందరూ ముఖం మీంచి చేతులు దించుకుంటారు. ఆ చేతులు దిగాయా, మాట రాయి మీద చెక్కినట్టే. వెనక్కి పోయినవాడితో కలిసి ఎవరూ టీ తాగరు.

కల్ముర్జా చేతులు కోటు చేతుల్లోపలే ఉన్నాయి.

"ఎట్లా దించుతావో ముందది చెప్పు షామిర్కన్ అన్నా," అన్నాడు తష్తాన్. వాడికి కథంటే గొర్రెకి ఉప్పే.

"దించడం నాకో పనా తమ్ముడూ! తలాస్‌లో ఒక బడి పంతులు, ఆయనకో పాత కారు. దాని ప్రీమియం చూసి ఆయన మంచం పట్టాడు. నేను ఆఫీసుకెళ్ళా. ఏమమ్మా, దొంగతనం కింద కూడా లాగుతున్నారు, ఈ కారు బానెట్టు తెరుచుకుని ఏళ్ళయింది, సొంతదారుడికే అందని ఇంజను దొంగకెట్లా అందుద్దీ అన్నా. ఆఫీసు పిల్ల నోరెళ్ళబెట్టి దొంగతనం పద్దు కొట్టేసింది. చిన్న పని. నేనెక్కడా చెప్పుకోను కూడా."

"చెప్పుకోవు, నేను వినడం ఇది నాలుగోసారి," అంది ఊల్కన్ వదిన టీ పోస్తూ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ మాట నారిన్ దాకా పాకింది. అక్కడో గడ్డి లారీవాడు నా కాళ్ళ మీద పడ్డాడు. వాడిది లోయ పక్క దారి, ప్రమాదం ఎక్కువని ప్రీమియం కొండెక్కించారు. నేను ఆఫీసరుని లారీలో ఎక్కించుకుని ఆ దారినే తీసుకెళ్ళా. లారీ ఎంత మెల్లగా పోతుందంటే, ఆఫీసరు ఎక్కేటప్పుడు గడ్డం గీసుకుని ఉన్నాడు, దిగేటప్పటికి గడ్డం బొడ్డు దాకా వచ్చింది. అయ్యా, మలుపు దగ్గర ప్రమాదం కాచుక్కూర్చుంటుంది నిజమే, కానీ ఈ లారీ వచ్చేలోపు అది విసుగెత్తి ఇంటికి పోతుంది అన్నా. ఆయన ఆ గడ్డంతోనే కన్నీళ్ళు తుడుచుకుని సగానికి సగం తగ్గించాడు."

అరుగు మీద నవ్వు లేచింది. కల్ముర్జా నవ్వలేదు. కానీ టీ గిన్నె పెదాల దాకా తెచ్చి తాగడం మర్చిపోయాడు. మెల్లగా పోయే బండికి ప్రమాదం తగలదన్నది ఆయన జన్మంతా చెబుతున్న మాటే. ఈ వెధవ నోట ఎంత బాగా పలికింది!

"ఇవన్నీ పిల్లలాటలు," అన్నాడు షామిర్కన్ మోకాళ్ళు ముందుకు జరిపి. "రాజధానిలో పెద్దాఫీసు నుంచి పిలుపొచ్చింది. ఓ గనివాళ్ళ లారీ. చక్రం చూశారా, ఒక్కో చక్రం రెండు గుడారాలంత ఎత్తు. డ్రైవరు పొద్దున నిచ్చెనెక్కడం మొదలెడితే మధ్యాహ్నం భోజనం దారిలోనే. దానికి ప్రీమియం లెక్క కట్టారు. కాగితం చాల్లేదు. కాగితానికి కాగితం అంటించారు, సున్నాలు పెట్టుకుంటూ పోయారు, సున్నాలు బల్ల దిగాయి, మెట్లు దిగాయి, వీధిలోకొచ్చాయి. పోలీసువాడు ఈల వేసి బండ్లన్నీ ఆపాడు, సున్నాలు రోడ్డు దాటాలి కదా! ఊరు దాటాయి, కొండ మొదట్లోకి చేరాయి. ఆఖరి సున్నాలో ఒక గొర్రెల కాపరి గుడారం వేసుకుని కాపరం పెట్టేశాడు, పెళ్ళాం అక్కడే కనింది!"

"మగపిల్లాడా ఆడపిల్లా?" అన్నాడు తష్తాన్.

"కవలలు. నువ్వు మాటకి అడ్డం రాకు."

"ప్రీమియం అంటే అదీ," అన్నాడు మూల కూర్చున్న కుర్ర డ్రైవరొకడు భక్తిగా. ఆ మాట అబద్ధమని ఎవరికీ అనిపించలేదు. ఈ ఏడాది తమతమ కాగితాలు చూసుకున్నవాళ్ళే అందరూ.

"గని యజమాని తల పట్టుకుని కూర్చున్నాడు. నేనన్నా, ఏమయ్యా, లాయంలో గుర్రం ఉందా? ఉంది. జీను కట్టించు. కట్టించాడు. ఎక్కా. ఇక చూడండి! నాకు ఎదురుగా కంపెనీ ఆఫీసర్లంతా గుర్రాల మీద, మెడలో టైలు వెనక్కి కట్టుకుని, ఒక్కోడూ ఎలుగుబంట్లా ఉన్నాడు. మన గుర్రాల ఆటలో మేక మొండెం గోతిలో వేయడానికి ఎట్లా కుమ్ముకుంటామో అట్లా, ఆఖరి సున్నా దగ్గర కుమ్ములాట మొదలైంది. నేను జీను మీంచి పక్కకి వాలి, తల నేలకి జానెడు దూరంలో, ఒక్క చేత్తో సున్నాని లాగి తొడ కింద అదిమా! అది జారుతుంది, సున్నా కదా, పట్టు దొరకదు! వెనకనుంచి హెడ్ క్లర్కు నా కోటు పట్టాడు, కోటు వదిలేశా, చొక్కా పట్టాడు, చొక్కా వదిలేశా, ఒంటి మీద చలీ నేనూ మిగిలాం, సున్నాని తీసుకెళ్ళి గోతిలో వేశా! ఒకటి!"

"ఒకటి!" అరిచారు అరుగు మీదవాళ్ళు.

కల్ముర్జా వయసులో ఉన్నప్పుడు ఆ ఆట ఆడినవాడు. లోయంతా ఆయన పేరు అరిచేది. ఇప్పుడాయన తొడలు వాటంతట అవే బిగుసుకున్నాయి. షామిర్కన్ కింద పరిగెడుతున్న గుర్రం ఆయన కంటికి తను అమ్ముకున్న ఎర్రదానిలాగే కనబడింది. దాని ముక్కులోంచి ఆవిరి కూడా కనబడింది. ఆయన చేతులు కోటు చేతుల్లోంచి మణికట్టు దాకా బయటికొచ్చాయి. ఆయనకే తెలియలేదు. షామిర్కన్‌కి తెలిసింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంకోటి, ఇంకోటి! గొయ్యి నిండింది. నిండితే మిగతా సున్నాలు పొర్లిపోయాయి, కొండెక్కాయి, అవతలికి దొర్లాయి, దారిలో ఉన్న దేవదారు చెట్లన్నీ వంగి దణ్ణం పెట్టాయి. పోయి పోయి ఇసిక్-కుల్ సరస్సులో పడ్డాయి. అంత చలిలో కూడా ఆ సరస్సు ఎందుకు గడ్డ కట్టదనుకున్నారు? అడుగున ఇంకా తిరుగుతున్నాయి! మీ ఒంటి మీద ఒట్టు, చెవి పెడితే గుర్రుగుర్రుమని వినబడుద్ది!"

ఎవరూ నవ్వలేదు. ఊల్కన్ వదిన కెటిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది, కుర్ర డ్రైవరు గిన్నెలో టీ పొంగి అరుగు మీదకి కారింది. వాళ్ళ కళ్ళ ముందు ప్రీమియం కొండ దొర్లిపోతోంది. తమ సున్నాలు కూడా వాటితోపాటే పోతున్నట్టు ఉంది అందరికీ.

"ఆఖరికి ఎంతయింది?" అంది వదిన గొంతు తగ్గించి.

షామిర్కన్ పళ్ళెంలోంచి ఎండు పెరుగుండ ఒకటి తీసి వేళ్ళ మధ్య చూపించాడు. "ఇంత. ఇదిగో ఇంతే. కంపెనీ పెద్ద దీన్ని తీసుకుని, నాలిక్కి తాకించుకుని, ముట్టిందని రసీదు రాసిచ్చాడు."

"వల్లా, దేవుడి మీద ఒట్టు!" అన్నాడు తష్తాన్.

కల్ముర్జా అరచేతులు మోకాళ్ళ మీదకొచ్చాయి. బండి అమ్మక్కర్లేదు. ఎర్రదానికి పిల్ల ఉంటే దాన్నైనా కొనుక్కోవచ్చు. వీడు ముసలాడన్నాడు, అన్నాడే గాని, పని తెలిసినవాడు. పగ రేపటికి కూడా ఉంటుంది, ఎక్కడికీ పోదు. ఆయన అరచేతులు సగం పైకి తిరిగాయి. చుట్టూ ఉన్న చేతులన్నీ సర్దుకున్నాయి.

అక్కడ ఆగి ఉంటే షామిర్కన్ గెలిచేవాడు. కానీ కోతలరాయుడి నాలుక దిగుడులో బ్రేకు పోయిన లారీ.

"ఆగండాగండి, అసలుది చెప్పనే లేదు! నా కమిషన్! కంపెనీ పెద్ద నా భుజం తట్టి, షామిర్కన్, నీ వాటా తీసుకో అన్నాడు. ఒంటెలు తెప్పించారు. నలభై ఒంటెలు! మూటలు కడుతూనే ఉన్నారు. ముందు ఒంటె ఈ కనుమ ఎక్కేసరికి ఆఖరి ఒంటె ఇంకా ఆఫీసు మెట్ల దగ్గరే మోకాళ్ళ మీద ఉంది. ఇది ఒంటె కనుమ ఎట్లా అయిందనుకున్నారు మరి?"

"మా ముత్తాతల నాటి నుంచీ ఆ పేరే కదన్నా?" అన్నాడు కుర్ర డ్రైవరు.

"అంత బరువు మోస్తే పేరు వెనక్కి కూడా పోతుంది బాబూ!"

మళ్ళీ నవ్వులు. ఆ నవ్వుల్లో కల్ముర్జా ఒక్కడూ కదల్లేదు. ఆయన లెక్క మనిషి. సరుకెక్కించేటప్పుడు మూట ఎక్కడిదో, ఎక్కడికో తేలందే బండి కదలనివ్వడు.

"అబ్బాయ్," అన్నాడు. నవ్వులు ఆగిపోయాయి. "నీ కమిషన్ కంపెనీ తన జేబులోంచి ఇస్తుందా, మేం కట్టిన ప్రీమియంలోంచా?"

"ప్రీమియంలోంచే పెద్దాయనా. నూటికి ఇంతని. అది వాడుకే."

"గనివాళ్ళు ఏం కట్టారు?"

షామిర్కన్ చేతిలో పెరుగుండ ఇంకా అలాగే ఉంది. దాని వంక చూసుకున్నాడు.

"ఆ ఉండలో నీ వాటా గీరితే చీమ కూడా మోసుకుపోదు. మరి నలభై ఒంటెల మీదకి ఏమెక్కింది? ఉండ కట్టినచోట ఒంటెలు రావు. ఒంటెలొస్తే ఉండ కట్టలేదు, ఆ సున్నాలన్నీ కట్టారు. రెంట్లో ఏది నిజం నాయనా?"

షామిర్కన్ నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి అంతదాకా సరస్సులూ కొండలూ వచ్చాయి. ఇప్పుడు దాన్ని పెరుగుండతో మూయబోయి ఆగాడు.

"ఓరి నీ!" అన్నాడు తష్తాన్ తొడ చరిచి. "మాకెంత ఎక్కితే నీకంత ఎక్కుతుందన్నమాట! నువ్వు దించుతావా? నువ్వు కింద నుంచి తోసేవాడివి!"

"ఊరుకోరా," అన్నాడు కల్ముర్జా. "నేను దీవిస్తాను. బేరం అడిగాడు కదా పాపం, అంత కథ చెప్పాడు."

అప్పుడు తీరిగ్గా రెండు అరచేతులూ బయటికి తీసి పైకి పట్టాడు. చుట్టూ చేతులన్నీ లేచాయి. షామిర్కన్ చేతులూ లేచాయి. పెద్దవాడు దీవెనకి చేతులు పడితే పట్టనివాడు మనుషుల్లో జమ కాడు. ఒక చేతిలో పెరుగుండ ఉండిపోయింది.

"మూడేళ్ళు మా బండ్లు ఇతని చేతిలో ఉండుగాక. మా ప్రీమియం ఎంత దిగితే ఇతని వాటా అంత ఎక్కుగాక. మా ప్రీమియం ఎంత ఎక్కితే ఇతని వాటా అంత దిగుగాక. దించిన రోజున నలభై ఒంటెలూ ఇతని గుమ్మంలో మోకాళ్ళేయుగాక. ఎక్కించిన రోజున పెరుగుండ కూడా ఇతని పళ్ళానికి రాకుండుగాక. ఓమిన్!"

"ఓమిన్!" అని అందరి చేతులూ ముఖాల మీంచి దిగాయి. షామిర్కన్ చేతులు నుదుటి దగ్గర నిలిచిపోయాయి. అందరూ ఆ చేతుల్నే చూస్తున్నారు. దించకపోతే ఈ దారిలో ఎవరూ అతనికి టీ పోయరు. దించితే మూడేళ్ళు ప్రీమియం దించడమే అతని బతుకు. ఊల్కన్ వదిన కెటిల్ కింద పెట్టి నడుం మీద చెయ్యేసుకుని చూసింది.

చేతులు దిగాయి. నుదుటి మీదా ముక్కు మీదా పెరుగుపొడి తెల్లగా గీత పడింది.

అప్పుడే బయట గేటు ఎత్తారని కేక వినబడింది. అందరూ బూట్లు తొడుక్కుని పరిగెత్తారు. షామిర్కన్ లారీ దగ్గరికి పోతే తష్తాన్ తలుపు వేసేసుకున్నాడు. "గొర్రెలకే చోటుందన్నా, ఒంటెలకి లేదు."

చివరికి షామిర్కన్, కల్ముర్జా మినీ బస్సు కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "బిష్కెక్ దాకా పెద్దాయనా. ఛార్జీ ఎంత?"

కల్ముర్జా ఇంజను వేడెక్కనిచ్చాడు. అద్దం తుడుచుకున్నాడు. సీటు సర్దుకున్నాడు. పోయినేడాది నుంచీ దాచుకున్న మాట అప్పుడు తీశాడు.

"ముసలాయన తోలే బండి కదా నాయనా. కొంచెం ఎక్కువ పడుతుంది."